ఉప్పు వేగపరిమితి

ఇసుకలో ఉప్పు రోజుకి రెండు సెంటీమీటర్లకు మించి నడవదని మా మండలి తీర్మానించిన ఏడాది నేను అక్కడ ఫీల్డ్ అసిస్టెంటుని. తీర్మానంలో నా పాత్రేమీ లేదు. సర్క్యులర్ టైపు చేసింది మాత్రం నేనే.

మా మండలి పూర్తి పేరు తీరప్రాంత నేలనీటి నాణ్యతా పరిరక్షణ మండలి. పేరు పొడుగే గాని ఆఫీసు మూడు గదులు. మొదటి గదిలో నేను, రెండో గదిలో ఫైళ్ళు, మూడో గదిలో డిప్యూటీ డైరెక్టర్ డాక్టర్ విన్నకోట పరాంకుశరావు గారూ, ఆయన గాజు గొట్టమూ.

ఆ గొట్టం మీటరు పొడుగు. అందులో ఇసుక నింపి, నూటికి ఐదు పాళ్ళు తేమ ఉండేలా చంటిబిడ్డని సాకినట్టు సాకి, పైనుంచి ఉప్పునీళ్ళు చుక్కచుక్కగా వదిలి ఆయన డాక్టరేటు సంపాదించారు. ఉప్పు అడుక్కి చేరడానికి యాభై రోజులు పట్టింది. అంటే రోజుకి రెండు సెంటీమీటర్లు. గొప్ప పరిశోధన. గొట్టంలో ఉన్న ఇసుకకు సంబంధించినంతవరకు అందులో ఒక్క తప్పు లేదు.

పైఆఫీసు వాళ్ళకి అంకెలంటే ప్రీతి. ఒక అంకె దొరికిందని తెలియగానే దాన్ని జిల్లా మొత్తానికీ వర్తింపజేశారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తీరప్రాంత ఇసుక నేలలందు లవణ ప్రయాణ వేగము దినమునకు రెండు సెంటీమీటర్లుగా నిర్ధారించడమైనది. సంబంధితులందరూ గమనించగలరు." సంబంధితుల్లో ఉప్పు కూడా ఉందని అప్పట్లో మాకు తట్టలేదు.

అదే ఏడాది మాఘమాసంలో ముంతదొరువు పాలెం పక్కన ముప్పాళ్ళ శేషగిరి రొయ్యల చెరువు తవ్వి, సముద్రపు నీళ్ళు తోడించి నింపాడు. పాలెం సముద్రానికి అరమైలు దూరం. నలభై గడప. ఇసుకలో నడుంలోతు తవ్వగానే ఊరే మంచినీటి గుంటని మా వైపు దొరువు అంటారు. పాలెం మొత్తానికీ తియ్యటి నీళ్ళ దొరువు ఒకటే. అది కొక్కిలిగడ్డ పోలేరమ్మ దోసపాదుల మధ్య ఉంది. ఆమె పొద్దున పాదులకి రెండు బిందెలతో నీళ్ళు పోసుకునేది, తక్కిన నీళ్ళు పాలెం వాళ్ళు తోడుకునేవాళ్ళు. ఎవరినీ ఎందుకు తోడుతున్నావని ఆమె అడిగిన పాపాన పోలేదు.

చెరువు నిండిన పదిరోజులకి దొరువులో నీళ్ళు జానెడు పెరిగాయి. తియ్యటి నీళ్ళే. పాలెం వాళ్ళు సంబరపడ్డారు. మా మండలి ఇంకా సంబరపడింది. రొయ్యల చెరువు వల్ల భూగర్భజలాలు పెరగడం దేశంలో ఇదే ప్రథమమని ఒక నివేదిక రాసి, శేషగిరిని పిలిచి 'జలమిత్ర' అని శాలువా కప్పాం. ఫోటోలో శాలువా అంచు పట్టుకున్న చెయ్యి నాది.

మూడువారాలు దాటాక నీళ్ళు మారాయి. నెల తిరిగేసరికి పోలేరమ్మ ఒక సీసాలో దొరువు నీళ్ళు పట్టుకుని మా ఆఫీసుకొచ్చింది. యాభై ఏళ్ళ పైన ఉంటాయి. ఎండకి కమిలిన మొహం. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. సీసా పరాంకుశరావు గారి బల్లమీద పెట్టింది.

"నీళ్ళు ఉప్పగా అయినయ్యి సారూ. కూరలో ఉప్పెయ్యక్కర్లేకుండా ఉంది. దోసపాదులు అంచులు మాడతన్నయ్యి. రొయ్యల చెరువు నీళ్ళే ఇవి."

"రుచి అనేది వ్యక్తిగత అభిప్రాయమమ్మా," అన్నారు పరాంకుశరావు గారు మర్యాదగా. ఆయన ఎవరినీ కసురుకోరు. "చెరువుకీ మీ దొరువుకీ మధ్య దూరమెంత?"

అరవై మీటర్లని నేను చెప్పాను. శాలువా రోజున కొలిచాం.

ఆయన కాగితం మీద లెక్క కట్టారు. "అరవై మీటర్లంటే ఆరువేల సెంటీమీటర్లు. రోజుకి రెండు చొప్పున మూడువేల రోజులు. ఎనిమిదేళ్ళ రెండున్నర నెలలు. చెరువు నింపి నెలైంది. చూడమ్మా, మీ ఫిర్యాదు ఎనిమిదేళ్ళు ముందుగా వచ్చింది."

"ఉప్పు ముందే వచ్చింది కదా సారూ."

"అది రాకూడదమ్మా."

"రాకూడదనే నేనూ అంటన్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంత పూర్తిగా ఏకాభిప్రాయం కుదిరాక మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆమె ఫిర్యాదు మీద 'అకాలము, తిప్పి పంపడమైనది' అని ముద్ర కొట్టి ఇచ్చాను. సకాలంలో, అంటే ఎనిమిదేళ్ళ తర్వాత, మళ్ళీ సమర్పించుకోవచ్చని చెప్పాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

"అందాకా ఏం తాగమంటారు?" అంది గుమ్మంలో ఆగి.

ఆ ప్రశ్న మా విభాగానిది కాదు.

సీసా మాత్రం బల్లమీదే ఉండిపోయింది. పరాంకుశరావు గారు నిజాయితీపరుడు. శేషగిరి పంపిన రొయ్యల బుట్టని మూత తియ్యకుండా వెనక్కి పంపిన మనిషి. సాయంత్రం ఆ నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు ముంచి చూశారు. ముల్లు ఎగిరి అవతలి గట్టున పడింది. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నీళ్ళల్లో ఉప్పుంది. ఇది సత్యం," అన్నారు. "చెరువు ఉప్పు బయల్దేరి ఇంకా మీటరు దూరం కూడా వచ్చి ఉండదు. ఇదీ సత్యం. కాబట్టి ఇంకెక్కణ్ణించో వస్తోంది. పద చూద్దాం."

మర్నాడే వెళ్ళాం. వెతకబోయిన ఉప్పు పోలేరమ్మ పెరట్లోనే దొరికింది. ఒక పెద్ద జాడీ నిండా ఉంది. పక్కన తాటాకు చాపల మీద ఉప్పు పట్టించిన చేపలు ఎండుతున్నాయి.

"ఇదేమిటమ్మా?"

"సావిడాయలు సారూ. ఎండబెడతన్నా."

"ఉప్పు వాడుతున్నారు."

"పంచదార వాడితే కుళ్ళిపోతయ్యి సారూ."

ఈ వాంగ్మూలాన్ని నేను యథాతథంగా రాసుకున్నాను. జాడీకి సీలు వేసి, చేపల చాపల్ని చుట్టించి, 'అనుమానిత లవణ మూలము' అని చీటీ అంటించాం. పోలేరమ్మ అడ్డు చెప్పలేదు. పార తీసుకుని దొరువుకీ చెరువుకీ మధ్యలో ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. జానెడు లోతుదాకా పొడి ఇసుక. మోకాటిలోతులో తడి. నడుంలోతు వచ్చేసరికి గుంట అడుగున నీళ్ళు ఊరాయి.

"పైన ఎండ ఇసక సారూ, దీంట్లో ఉప్పు నడవదు, మీరన్నది నిజమే," అంది ఆమె, ఆ గుంటలో నిలబడే. "అడుగున అంతా నీళ్ళే. ఉప్పుకి కాళ్ళుండవు. నీళ్ళే దాని బండి. బండి ఆగకుండా పోతంటే రెండు వేళ్ళు కాదు, రోజుకి రెండు బారలు పోద్ది."

పరాంకుశరావు గారు వంగి ఆ తడి ఇసుకలో తేమ కొలిచే మీటరు గుచ్చారు. ముప్పై ఎనిమిది శాతం చూపించింది. ఆయన మొహం పాలిపోయింది. ఆమె చెప్పింది అర్థమైందనుకున్నాను. అర్థమైంది గాని ఇంకోరకంగా అర్థమైంది.

"ప్రామాణిక తేమ ఐదు శాతం," అన్నారు లేచి నిలబడి. "మీ ఇసుకలో ముప్పై ఎనిమిది ఉంది. అందుకే ఉప్పు హద్దు మీరుతోంది. ఇంత తేమ ఎవరి అనుమతితో ఉందమ్మా?"

"దొరువు కదా సారూ. తేమ లేకపోతే దొరువెట్టా అయిద్ది?"

ఆ వారమే రెండో ఉత్తర్వు వచ్చింది. "తీరప్రాంత ఇసుక నేలలందు తేమ ఐదు శాతమునకు మించరాదు. ఏ వ్యక్తి గాని, సంస్థ గాని, ఇతరత్రా గాని, ఇసుక తేమను పెంచు ఎట్టి చర్యకు పాల్పడరాదు." 'ఇతరత్రా' అన్న మాట నేనే చేర్చాను. చివర్లో వాక్యం కాస్త బోసిగా అనిపించి.

అమలు బాధ్యత కూడా నాదే. మీటరు భుజాన వేసుకుని రోజూ పాలెం వెళ్ళేవాణ్ణి. 'ఉప్పు గరిష్ఠ వేగం రోజుకు 2 సెం.మీ.' అని రాసిన రేకు బోర్డులు నాలుగు పాతాం. పాదులకి నీళ్ళు పోయడం ఆపించాం. దొరువు చుట్టూ టార్పాలిన్లు కప్పాం. తెల్లవారి మంచు పడి టార్పాలిన్ల అంచున ఇసుక తడిస్తే, ఎందుకు తడిసిందో సంజాయిషీ రాయించుకున్నాం. వేట నుంచి వచ్చిన మగవాళ్ళు తడికాళ్ళతో ఇసుక మీదికి రాకుండా పడవల దగ్గర చెక్కబల్లలు వేయించి, కాళ్ళు ఆరేదాకా వాటిమీద కూర్చోబెట్టాం. ఉప్పు పట్టిన పిక్కలతో, వరసగా, అలిగిన పెళ్ళివాళ్ళలా కూర్చునేవాళ్ళు.

ఆడవాళ్ళు మంచినీళ్ళకి మైలున్నర దూరాన కాలవ గట్టు దాకా వెళ్ళేవాళ్ళు. బిందె అంచునుంచి తొణికి దారి పొడుగునా ఇసుక తడిసేది. ఉత్తర్వు ప్రకారం అది నేరం. రాసుకుందామని ఒకరోజు కలం తీశాను. ఆ వరసలో నెలలు నిండిన ఒక పిల్ల ఉంది. బిందె దించి, నా ముందు నిలబడి, రొప్పుతూ, "పేరు రాసుకో అన్నా, త్వరగా రాసుకో. ఇంకో నడక నడవాలి," అంది. నా కలంలో సిరా అయిపోయిందని చెప్పాను. అప్పటినుంచి ఆ దారిన వెళ్ళినప్పుడల్లా అయిపోతూనే ఉండేది.

పోలేరమ్మ పాదులు ఎండిపోయాయి. ఆమె వాటిని పీకి గట్టున కుప్ప వేసింది. ఏడవలేదు. రెండో ఫిర్యాదు రాయించి తెచ్చి నా చేతికిచ్చింది. చెరువు నింపిన డెబ్బయ్యో రోజు అది.

ఇంతలో మా కమిషనర్ గారు వస్తున్నారన్నారు. ఇసుక తేమని ఉత్తర్వుతో అదుపు చేసిన తొలి జిల్లాని స్వయంగా చూడాలని ఆయన ముచ్చటపడ్డారు. షామియానా వేశాం. పరాంకుశరావు గారు గొట్టాన్ని దుప్పటిలో చుట్టి జీపులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఉపన్యాసం పూర్తవబోతుండగా పోలేరమ్మ లేచింది. చేతిలో రెండు పెద్ద ప్లాస్టిక్ సీసాలు. అడుగు కోసేసి, మూతికి గుడ్డ కట్టి, తలకిందులుగా పట్టుకుంది. రెండింట్లోనూ ఇసుక.

"ఇది పైన ఎండ ఇసక. ఇది అడుగున తడి ఇసక. రెండూ ఒక్కచోటివే," అంది. బట్టలకి పెట్టే నీలిమందు కలిపిన నీళ్ళు తెచ్చి ఒక్కో సీసాలో ఒక్కో టీగ్లాసు పోసింది.

పొడి ఇసుకలో నీలం నాలుగు వేళ్ళు దిగి ఆగిపోయింది. కింద చుక్క పడలేదు. పరాంకుశరావు గారు చిరునవ్వు నవ్వారు. తడి ఇసుక సీసాలోంచి వెంటనే కారింది. కాని కారినవి తేటనీళ్ళు.

"మంచినీళ్ళే కదా వస్తున్నాయి," అన్నారు కమిషనర్ గారు.

"ఇయ్యి లోపలున్న పాత నీళ్ళు సారూ. వెనక నుంచి కొత్తయ్యి తోస్తే ముందున్నయ్యి బయటికొస్తన్నయ్యి. కాస్త ఆగండి."

ఇంకో గ్లాసు పోసింది. ఇంకోటి. నాలుగోది పోశాక గుడ్డలోంచి లేత నీలం చుక్క ఒకటి జారి ఇసుకమీద పడింది. వెనకాలే ముదురు నీలం ధారకట్టింది. తర్వాత పొడి ఇసుక సీసా అందుకుని అందులో మామూలు మంచినీళ్ళు పోస్తూ పోయింది. నాలుగు వేళ్ళ దగ్గర కూర్చున్న నీలం కదిలి, కిందికి దిగి, అదీ కారింది.

"తడవనంతసేపే దీని బుద్ధిమంతనం," అంది పోలేరమ్మ.

పరాంకుశరావు గారు లేచి ఆమె దగ్గరికొచ్చారు. నీలం చుక్కలు పడుతున్న చోట గొంతుక్కూర్చున్నారు.

"ముందు తేటనీళ్ళొచ్చాయి," అన్నారు ఎవరితోనూ కాకుండా. "దొరువులో జానెడు పెరిగినవి అవే. ఉప్పు వాటి వెనకే ఉంది. మనం దానికి శాలువా కప్పాం."

మా కొలువులో తప్పు ఒప్పుకున్న అధికారిని నేను చూడటం అదే మొదలు. కమిషనర్ గారికీ అదే మొదలు కాబోలు, ఎటు చూడాలో తెలియక టీ అడిగారు.

పరాంకుశరావు గారు ఆ వారం రోజులూ ఇంటికి సరిగ్గా వెళ్ళలేదు. పాలెంలో గుంటలు తవ్వించి, కొలిచి, పూర్తిగా తడిసిన ఇసుకలో ఉప్పు రోజుకి మూడు మీటర్లు నడుస్తోందని నివేదిక పంపారు. పైఆఫీసు వాళ్ళు ఈసారి అంకెని ఇంకా గౌరవంగా స్వీకరించారు. వేగపరిమితి సవరించారు. బోర్డులు మళ్ళీ రాయించాం. సవరణ ప్రకారం పోలేరమ్మ ఫిర్యాదుని తిరిగి పరిశీలించి జవాబు పంపారు.

ఆ జవాబు ఆమెకి చదివి వినిపించాల్సింది నేను. గొంతు సవరించుకుని చదివాను. "అరవై మీటర్ల దూరమును లవణము ఇరువది దినములలో అధిగమించినట్లు శాస్త్రీయముగా నిర్ధారణ అయినది. కాలుష్యము చేరిన పదిహేను దినములలోగా ఫిర్యాదు చేయవలసి యుండగా, ఫిర్యాదుదారు డెబ్బదవ దినమున చేసినందున, కాలదోషము పట్టినదిగా భావించి తిరస్కరించడమైనది."

"మొదట నెలకే వచ్చా కదయ్యా," అంది ఆమె.

"అది అప్పటి వేగం ప్రకారం తిప్పి పంపిన ఫిర్యాదమ్మా. చెల్లదు."

"అంటే అప్పుడు తొందరపడ్డా. ఇప్పుడు ఆలిస్యం చేశా."

"అవునమ్మా."

"మధ్యలో ఏ రోజు రావాల్సిందో అది కూడా రాశారా?"

కాగితం తిరగేసి చూశాను. రాయలేదు.

తిరిగొచ్చి జరిగింది చెప్పాను. పరాంకుశరావు గారు బీరువాలోంచి రెండో ఉత్తర్వు తీశారు. ఇసుక తేమ ఐదు శాతం మించకూడదన్న ఉత్తర్వు. సవరణల హడావిడిలో దాన్ని రద్దు చెయ్యడం ఎవరికీ గుర్తులేదు. దాన్ని పైనుంచి కిందికి చదివి, "ఏ వ్యక్తి గాని, సంస్థ గాని," అని రెండోసారి పైకి చదివారు.

"చెరువు అడుగున ఏముంది?" అని అడిగారు నన్ను.

"ఇసుకే సార్."

"దాని తేమ ఎప్పుడైనా కొలిచామా?"

కొలవలేదు. చెరువంటే నీరు, ఉత్తర్వు ఇసుకకి, అని వదిలేశాం. ఆ మధ్యాహ్నమే పడవ మీద వెళ్ళి వెదురు గడకి మీటరు కట్టి అడుగున గుచ్చాం. ముప్పై ఎనిమిది. జిల్లాలో అంత విస్తీర్ణంలో అంత అక్రమ తేమ ఇంకెక్కడా లేదు. ముప్పై రోజుల్లోగా చెరువు అడుగు ఇసుకని ప్రామాణిక తేమకు తీసుకురావాలని పరాంకుశరావు గారు నోటీసు రాసి, తన చేత్తో సంతకం పెట్టారు.

శేషగిరి నోటీసు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"చెరువు అడుగున తడి లేకుండా ఎట్లా ఉంటుంది సార్? నీళ్ళుంటాయి కదా."

"అది మీరు ఆలోచించుకోవాలి. నీళ్ళ మీద మాకేమీ ఆంక్షలు లేవు. ఇసుక మాత్రం పొడిగా ఉండాలి."

అతను రాజధానికి వెళ్ళాడు. అక్కడ ఉత్తర్వు రద్దు చెయ్యాలంటే ముందు అది పొరపాటని ఎవరో ఒకరు రాయాలి. కింద కమిషనర్ గారి సంతకం ఉంది. రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఇరవై తొమ్మిదో రోజున శేషగిరి రొయ్యలు పట్టించి, ఇంజన్లు పెట్టించి, గొట్టాలేసి సముద్రపు నీళ్ళు సముద్రంలోకే తోడించేశాడు.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. ఉప్పుని తెచ్చిన తడే దాన్ని ముందుకి తోసుకుంటూ సముద్రం వైపు తీసుకుపోయింది. దసరా వెళ్ళేసరికి దొరువు నీళ్ళు తాగే స్థితికొచ్చాయి. కార్తీకంలో పోలేరమ్మ మళ్ళీ దోసగింజలు నాటింది. మండలి వార్షిక నివేదికలో దీన్ని 'ఉత్తర్వు సాధించిన విజయం' అని రాశాను.

విజయం సాధించిన ఉత్తర్వుని మరింత పకడ్బందీగా అమలు చెయ్యాలని పైనుంచి తాఖీదు వచ్చింది. ఇసుకని తడుపుతున్న అందరికీ మినహాయింపు లేకుండా నోటీసులివ్వాలి. జాబితా తయారుచేస్తే మొదటి పేరు సముద్రం. ఉత్తర్వు వచ్చిన నాటినుంచీ రోజుకి రెండుసార్లు, ముందస్తు అనుమతి లేకుండా, ఇరవై మైళ్ళ పొడవున. 'ఇతరత్రా' కింద వస్తుంది.

పరాంకుశరావు గారికి అప్పటికే బదిలీ అయింది. వెళ్తూ గొట్టంలో ఇసుక కుమ్మరించి, గొట్టం మాత్రం తీసుకెళ్ళారు. నోటీసు నేనే పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. రెండు ప్రతులు. ఒకటి ఇవ్వాలి, ఒకటి సంతకంతో వెనక్కి తేవాలి. మధ్యాహ్నం పోటు మీద ఉంది. ఎవరికివ్వాలో తెలియక చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

పోలేరమ్మ చేపల గంప దించి నా పక్కకి వచ్చింది. సంగతేమిటని అడిగితే చెప్పాను.

"సంతకం లేకపోతే నీకేమన్నా ఇబ్బందా?"

"ఎవరో ఒకరు తీసుకోవాలమ్మా. తీసుకున్నవాళ్ళకి ఆసామీతో ఏం సంబంధమో కూడా రాయాలి."

"ఇటియ్యి. నేను తీసుకుంటా." చెయ్యి చీరకి తుడుచుకుని, వేలిముద్ర పెట్టింది. తర్వాత అలల వైపు చూసింది.

"వేటకెళ్ళిన మా ఆయన పందొమ్మిదేళ్ళ నుంచి దీని దగ్గరే ఉండాడు," అంది. "ఏం సంబంధమని రాసుకుంటావో నువ్వే రాసుకో."

కలంలో సిరా ఉంది. 'కుటుంబ సభ్యురాలు' అని రాశాను.